రెండు సంతలు

తిరుపతిలో తెల్లవారుజామున ఏ వీధిలో నిలబడినా ఏదో ఒక ఇంట్లోంచో టీ కొట్లోంచో సుప్రభాతం వినిపిస్తుంది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి రికార్డు 1963లో వచ్చింది. రోజుకొక్కసారి లెక్కేసుకున్నా మా వీధి పెద్దవాళ్లు దాన్ని ఇరవై వేలసార్లకు తక్కువ కాకుండా విని ఉంటారు. మధ్యలో ఎక్కడ ఆపినా తర్వాతి పాదం అందుకుంటారు, దీర్ఘం పొల్లు పోకుండా. ఏదో ఒక శ్లోకం దగ్గర ఆపి అర్థం చెప్పమంటే మాత్రం, "ఏముంది, స్వామిని లేపుతున్నారు" అని నవ్వేస్తారు. ఇరవై వేలసార్లు విన్నా సంస్కృతం రాలేదు. ఉచ్చారణ మాత్రం వచ్చేసింది.

పాటలు వింటే జర్మన్ వస్తుందా అని ఎవరు అడిగినా నాకు ముందు ఇదే గుర్తొస్తుంది. ఆ ప్రశ్న ఈ మధ్య మా ఊళ్లో తరచుగానే వినిపిస్తోంది. నర్సింగ్ చదివిన అమ్మాయిలు, ఇంజినీరింగ్ అయిపోయిన అబ్బాయిలు అద్దె గదుల్లో కూర్చుని జర్మన్ వల్లెవేస్తున్నారు. నైపుణ్యం ఉన్న భారతీయులకు ఏడాదికి ఇచ్చే వీసాలను 20,000 నుంచి 90,000కు పెంచుతామని 2024 అక్టోబరులో జర్మనీ ప్రకటించాక అలా చదివేవాళ్ల సంఖ్య ఇంకా పెరిగింది. నర్సులు మామూలుగా జర్మన్ పరీక్షల్లో నడిమి మెట్టయిన బి1 చేతిలో పెట్టుకుని విమానం ఎక్కుతారు. అక్కడ పూర్తి గుర్తింపు రావాలంటే చాలాచోట్ల ఆ పై మెట్టు బి2 కావాలి. పరీక్షకు సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై నుంగంబాక్కం పోయేవాళ్లున్నారు, బెంగళూరు పోయేవాళ్లున్నారు. చదవడం, రాయడం, మాట్లాడటం, వినడం అని నాలుగు భాగాలు. చదవడం దగ్గర ఎవరికీ పెద్దగా భయం ఉండదు. అందరినీ వణికించేది వినడమే, దాన్నే ఇక్కడ 'హోరెన్' అంటారు. ఈ పరీక్ష పెట్టే గోథె ఇన్‌స్టిట్యూట్ బి1లో హోరెన్ 40 నిమిషాలు, 30 ప్రశ్నలు, నాలుగు విభాగాలు. మొదటిదీ చివరిదీ రెండేసిసార్లు వినిపిస్తారు. మధ్య రెండూ ఒక్కసారే. నూటికి 60 రావాలి.

నలభై దాటాక సరదాకు మొదలుపెట్టిన నేను మొదటిసారి ఇందులోనే తప్పాను. నేను చేరిన కోచింగ్ సెంటర్లో పాఠం కన్నా పాటలే ఎక్కువ. "రోజూ రెండు గంటలు జర్మన్ పాటలు వినండి, చెవికి అదే అలవాటవుతుంది" అన్నారు. చిన్నప్పుడు నాలుగేళ్లు సంగీతం నేర్చుకున్నవాణ్ణి, ఆ సలహా నాకు మహా ఇంపుగా తోచింది. మూడు నెలలు విన్నాను. పరీక్షలో ఎవరో తమ ఫోన్ నంబరు చెబుతుంటే 35 అన్నదాన్ని 53 అని రాసుకున్నాను. మొత్తానికి వచ్చిన మార్కులు కూడా 53.

తప్పు పాటలదా, నాదా? దానికి ముందు తెలుగు చెవి ఎలా పనిచేస్తుందో చూడాలి.

మనం మాత్రలు లెక్కపెట్టే జాతి. లఘువు ఒకటి, గురువు రెండు. ఛందస్సు చదువుకోనివాడి చెవిలో కూడా ఆ తక్కెడ ఉంటుంది. ఇది పండితుల గొప్ప కోసం అన్న మాట కాదు. లలిత మూర్తి, తకాషి ఒతాకె, ఆన్ కట్లర్ 2007లో ప్రచురించిన పరిశోధనలో తెలుగువాళ్లకు జపనీస్ మాటలు వినిపించి చూశారు. ఆ భాష ఒక్క ముక్క రాకపోయినా తెలుగువాళ్లు దాన్ని జపానువాళ్లలాగే మాత్రల చొప్పున విడగొట్టుకున్నారు. జపనీస్ కూడా మాత్రల భాషే మరి. జర్మన్ అలా కాదు. అక్కడ ఊనిక పడిన అక్షరం రాజు, మిగతావి బంట్లు. ఊనిక పడని చోట అచ్చు మింగేస్తారు. పుస్తకంలో 'హాబెన్' అని రెండు అక్షరాలుంటాయి. వీధిలో అది 'హాబ్మ్' అయి, ఇంకాస్త తొందరలో 'హామ్' అయి కూర్చుంటుంది. ప్రతి అక్షరానికీ కూలి ఇచ్చే అలవాటున్న చెవి ఆ మింగిన ముక్క కోసం వెతుకుతూ ఉండగానే వాక్యం అయిపోతుంది.

ఇంకొకటి ఉంది. మన మాటలు దాదాపు అచ్చుతోనే ముగుస్తాయి. బస్సు, కారు, లైటు అని పరాయి పొల్లుకు కూడా ఒక ఉకారం తగిలించి ఇంట్లోకి రానిస్తాం. జర్మన్ మాటల్లో అసలు కథంతా చివరి పొల్లులోనే ఉంటుంది. పైగా ఆ పొల్లు రాసినట్టే వినబడుతుందని లేదు. 'సైకిలు', 'సలహా' అనే అర్థాలున్న రెండు మాటలు రాతలో వేరు, ఒకదాని చివర డకారం, ఇంకోదాని చివర టకారం. పలికేటప్పుడు రెండూ 'రాట్' అనే వినిపిస్తాయి.

ద్విత్వం ఇంకో ఉచ్చు. 'రా' అనే అర్థం ఉన్న క్రియను పుస్తకంలో రెండు మకారాలతో రాస్తారు. మనవాళ్లు 'కొమ్మెన్' అని చెట్టుకొమ్మను పలికినట్టు పలుకుతారు, వినేటప్పుడూ ఆ ఒత్తు కోసమే కాచుకుంటారు. జర్మన్‌లో ఆ జంట హల్లు ముందరి అచ్చు పొట్టిది అని చెప్పే గుర్తు మాత్రమే, ఒత్తు లేదు.

మనకు కలిసొచ్చేవీ ఉన్నాయి. పొట్టి అచ్చుకూ పొడుగు అచ్చుకూ తేడా జర్మన్‌లో అర్థాన్నే మార్చేస్తుంది. 'బిటెన్' అంటే అడగడం, 'బీటెన్' అంటే ఇవ్వజూపడం. పడడానికీ పాడడానికీ తేడా తెలిసిన చెవికి ఇదొక లెక్క కాదు. క్రియ వాక్యం చివర్లో వస్తుందని ఇంగ్లిషువాళ్లు గగ్గోలు పెడతారు. మనం పుట్టిన దగ్గర్నుంచి క్రియ కోసం చివరిదాకా ఆగేవాళ్లమే.

సరే, పాట ఇక్కడ ఏం చేయగలదు? పరిశోధకులు చెప్పినవి చాలా ఉన్నాయి, అన్నీ ఒక్క దిక్కుకు లాగవు. నాకు గట్టివిగా తోచినవి నాలుగు.

మొదటిది ఫ్రాన్సుది. డానియెల్ షోన్, ఆయన తోటివాళ్లు 2008లో ప్రచురించారు. అర్థం లేని మూడక్షరాల మాటలు ఆరు తయారుచేసి, మధ్యలో విరామం లేకుండా గొలుసులా ఏడు నిమిషాలపాటు వినిపించారు. మామూలుగా చదివి వినిపిస్తే ఎక్కడ ఒక మాట ముగిసి ఇంకోటి మొదలైందో వినేవాళ్లు పట్టుకోలేకపోయారు. ఒక్కో అక్షరానికి ఒక్కో స్వరం కట్టి పాడి వినిపిస్తే పట్టుకున్నారు. మాటకూ మాటకూ మధ్య గోడ కనబడేలా చేయడం పాట చేసే మొదటి మేలు. కొత్త భాష వినేవాడి మొదటి బాధ కూడా అదే కదా.

రెండోది ఎడిన్‌బరోది. కారెన్ లడ్కె, ఫెర్నాండా ఫెరెయిరా, కేటీ ఓవరీల పని, 2014లో వచ్చింది. హంగేరియన్ రాని అరవై మందిని మూడు గుంపులు చేసి పావుగంట ఆ భాష వాక్యాలు నేర్పారు. ఒక గుంపు మామూలుగా విని పలికింది, రెండోది లయతో పలికింది, మూడోది పాడింది. తర్వాత హంగేరియన్‌లో తిరిగి చెప్పమంటే పాడినవాళ్లే ముందున్నారు. వాళ్లు పాట విని ఊరుకోలేదు, నోరు విప్పి పాడారు. మా కోచింగ్ సెంటర్ వదిలేసింది సరిగ్గా ఇదే.

మూడోది వాండా వాలెస్‌ది, 1994 నాటిది. పాడితే సాహిత్యం బాగా గుర్తుంటుంది, నిజమే. కానీ ఒకే వరస చరణం తర్వాత చరణానికి తిరిగి వచ్చి ముందే చెవిలో కూర్చుంటేనే. కొత్త వరస ఒక్కసారే వినిపిస్తే సాయం చేయదు. పాట మీద పాట మారుస్తూ రోజుకు యాభై వినేవాళ్లు ఇది గోడ మీద రాసుకోవచ్చు.

నాలుగోది నాకు అన్నిటికన్నా నిజాయతీగా తోచింది. రాబర్ట్ స్లెవ్క్, అకీరా మియాకె 2006లో అమెరికాలో ఉన్న యాభై మంది జపానువాళ్లను పరీక్షించారు. సంగీతజ్ఞానం ఉన్నవాళ్లు ఇంగ్లిషు ధ్వనులను బాగా విన్నారు, బాగా పలికారు. వ్యాకరణానికీ మాటల నిధికీ సంగీతంతో సంబంధం కనబడలేదు. మా వీధి సుప్రభాతం కథను వాళ్లు లెక్కల్లో రాశారన్నమాట.

మోజార్ట్ వింటే బుర్ర పెరుగుతుందన్న పుకారును దీనితో కలపకండి. 1993లో జరిగిన ఆ ప్రయోగంలో ఉన్నది 36 మంది కాలేజీ పిల్లలు, ఆకారాల లెక్కలు, పది పదిహేను నిమిషాలు నిలిచిన ఫలితం. భాష ఊసే లేదు. బల్గేరియాకు చెందిన లొజానోవ్ మెల్లని పాశ్చాత్య సంగీతం పెట్టి పాఠం చదివే పద్ధతి కనిపెట్టి, మాటలు వందల లెక్కన ఎక్కేస్తాయన్నాడు. హాయిగా ఉంటుంది, అంతవరకూ ఒప్పుకుంటాను. ఇక పాట వింటూ మాటలు బట్టీ పట్టడం చేటే. గొంతున్న సంగీతం వెనక మోగుతుంటే చదివినదాన్ని వెంటనే గుర్తుంచుకునే శక్తి తగ్గుతుందని శాలమే, బాడ్లీ 1989లోనే చూపించారు.

ఇంత చదివాక ఇంటికి తిరిగొస్తే, ఈ ప్రాంతంలోనే ఇంతకంటే పాత ప్రయోగాలు జరిగాయనిపిస్తుంది. పాత చిత్తూరు జిల్లాలోని మదనపల్లెలో 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో బస చేశాడు. ఒక సాయంత్రం జనగణమన పాడాడు. బెంగాలీ రాని పిల్లలు పల్లవి అందుకున్నారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ సంగీతం చదువుకున్న ఐరిష్ మనిషి. ఆమె దానికి పాశ్చాత్య పద్ధతిలో స్వరలిపి కట్టింది. అర్థం కావాలి కాబట్టి ఠాగూర్ అక్కడే కూర్చుని ఇంగ్లిషులోకి మార్చి రాసిచ్చాడు. వరస ఒక్క సాయంత్రంలో వచ్చింది. అర్థానికి విడిగా ఒక కాగితం కావలసి వచ్చింది. ఇందులో పిల్లల లోపం ఏమీ లేదు. పాట గుణమే అది.

సుబ్బులక్ష్మి మాతృభాష తమిళం. ఆమె పాడిన అన్నమయ్య కీర్తనలు వింటే కడప మనిషి కూడా తప్పు పట్టలేడు. పాటతో పరభాష ఉచ్చారణ ఎంత ఎత్తుకు పోతుందో చెప్పడానికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. తిరుపతి పట్నంలో ఆమె విగ్రహం పక్కనుంచి పోయినప్పుడల్లా నాకు స్లెవ్క్ గారి లెక్కలు గుర్తొస్తాయి.

జర్మన్ల సంగతికొద్దాం. జర్మనీ ఉత్తరాన లూనెబుర్క్ మైదానంలో హెర్మన్స్‌బుర్క్ అని చిన్న ఊరు. అక్కడి మిషన్ 1865లో ఆగస్ట్ మిలియుస్ నాయకత్వంలో తెలుగుసీమ దక్షిణానికి వచ్చింది. నెల్లూరు నుంచి ఇటు మన వైపు దాకా పనిచేసింది. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో జర్మన్లను పక్కకు తప్పించాక అమెరికా లూథరన్లు ఆ పని చేపట్టారు. నేటి దక్షిణాంధ్ర లూథరన్ సంఘం ఆ మొలకే, దాని ముఖ్య కార్యాలయం తిరుపతిలో ఉంది. లూథరన్ల మూలపురుషుడు లూథర్‌కు పాట అంటే పాఠం. చదువురాని రైతు గుడిలో పాడుకుంటేనే మాట ఒంటబడుతుందని జర్మన్‌లో పాటలు రాశాడు. వాటిలో పేరుపొందిన 'ఐన్ ఫెస్టె బుర్క్' తెలుగులోనూ పాడుతున్నారు, అదే వరసకు.

ఆ వరసలో తెలుగు వింటే ఒక చిత్రం కనబడుతుంది. జర్మన్ వరస ఊనిక చుట్టూ అల్లినది. గట్టి దెబ్బ పడే చోట జర్మన్ మాటలో ఊనిక ఉంటుంది. అదే వరసలో తెలుగును కూర్చోబెడితే హ్రస్వం సాగుతుంది, దీర్ఘం కుంచించుకుపోతుంది. పొరుగింట్లో ఆ పాట వింటూ పెరిగిన నాకు కొన్ని మాటలు ఏవో చాన్నాళ్లు తెలియలేదు. పురుషోత్తమ చౌదరి లాంటివాళ్లు కర్ణాటక రాగాల్లో రాసిన క్రైస్తవ కీర్తనలకు ఆ బాధ లేదు, ఒక్కసారి విన్నా మాట తెలుస్తుంది. దీన్ని తిరగేసి చూడండి. జర్మన్ పాటలో స్వరం ఊనికను మోస్తుంది కాబట్టి, తాళం కొడుతూ వింటే మనకు వినబడని ఊనిక చేతికి తగులుతుంది. తెలుగు చెవికి పాట చేసే అసలు ఉపకారం ఇదీ. పాఠ్యపుస్తకాల్లో ఇది దాదాపు కనబడదు. పాటలు 'సరదా కోసం' అని పాఠం చివర పెట్టి వదిలేస్తారు.

ఉపకారం ఉన్నచోటే అపకారమూ ఉంది. మింగేసే అక్షరాలన్నిటికీ పాట తిండి పెట్టి లేపుతుంది. పాటలో 'హాబెన్' రెండు స్వరాల మీద నిండుగా వస్తుంది. మూడు నెలలు అలా విన్నవాడికి రైల్వే స్టేషన్లో 'హామ్' అని వినబడితే అది ఇంకో భాషలా ఉంటుంది. నాకు జరిగింది అదే. నేన అనే జర్మన్ గాయని పాడిన 'నోయ్‌న్ ఉంట్ నోయ్‌న్‌ట్సిష్ లుఫ్ట్‌బలోన్స్' (1983 నాటి పాట) వందసార్లు విన్నాను, తొంభైతొమ్మిది బెలూన్లు. జర్మన్‌లో ఒకట్ల స్థానం ముందు, పదుల స్థానం తర్వాత చెబుతారు, 35ను 'ఐదూ ముప్పై' అంటారు. తొంభైతొమ్మిదిని ముందునుంచి చెప్పినా వెనకనుంచి చెప్పినా తొమ్మిదీ తొమ్మిదే. ఉన్న అంకెల్లో తిరగేత తెలియకుండా దాచేసేదాన్ని ఏరి మరీ పాట కట్టారు!

పాటలో మాట తప్పుగా వినడం అందరికీ ఉన్నదే. స్నాప్ అనే బృందం 1990లో తెచ్చిన ఇంగ్లిషు పాటలో ఒక ముక్క జర్మన్ చెవులకు 'ఆగాథె బావర్' అనే ఆడమనిషి పేరులా వినబడింది. అలా పొరబడి వినే పాటలన్నిటికీ జర్మన్ రేడియోల్లో ఆమె పేరే స్థిరపడింది. రామ్‌స్టైన్ బృందం 1997 పాట 'డు హస్ట్' కావాలనే ఆ ఉచ్చు పన్నింది. 'నీకు ఉంది', 'నువ్వు ద్వేషిస్తావు' రెండూ జర్మన్‌లో ఒకేలా పలుకుతాయి, ఏది అన్నాడో తెలియాలంటే తర్వాతి మాట వచ్చేదాకా ఆగాలి. పరీక్షకు చదివేవాళ్లకు ఈ ఆగడం మంచి పాఠమే. గాయకుడు గ్రోనెమెయర్ పాటలు మాత్రం ముందే పట్టుకోకండి, ఆయన మాటలు నమలడం గురించి జర్మన్లే జోకులు వేసుకుంటారు.

నన్ను అడిగితే రాగం ఎక్కువున్న పాట మొదటి రెండు నెలలకు, మాట ఎక్కువున్న పాట ఆ తర్వాతకు. ఫాంటాస్టిషెన్ ఫియర్ బృందం 1992లో తెచ్చిన 'డీ డా' ఇద్దరు స్నేహితుల కబుర్లే లయలో పెట్టినట్టుంటుంది. అక్కడ అక్షరాలు మింగడం మొదలవుతుంది, తాళం మాత్రం చెయ్యి వదలదు. జర్మన్ ప్రసార సంస్థ డాయిచె వెల్లె వాళ్లు మ్యూనిక్ బృందం ఐన్స్‌హోఖ్‌జెక్స్‌తో నేర్చుకునేవాళ్ల కోసమే 'బాండ్‌టాగెబూఖ్' అని ఒక వరుస చేశారు, పాటకు పక్కనే ఆ కుర్రాళ్ల మామూలు మాటలూ ఉంటాయి. అదే సంస్థ మెల్లగా చదివే వార్తలు కూడా ఇస్తుంది. పాటకూ వీధికీ మధ్య మెట్టు అది.

రెండోసారి పరీక్షకు నేను పాత పద్ధతికి పోయాను. వేదపాఠశాలల్లో సంత చెప్పడం అంటారు. గురువు ఒకసారి అంటే శిష్యుడు రెండుసార్లు అనాలి, ముక్క ముక్కగా. మా సంగీతం పంతులుగారు కూడా కీర్తన అలాగే చెప్పేవారు, ముందు సాహిత్యం ఒట్టిగా చదివించి, తర్వాత స్వరం పెట్టించి. నేను దాన్ని తిరగేశాను. వారానికి ఒకే పాట. మొదటి రోజు కాగితం లేకుండా వినడం, ఎన్ని క్రియలు వినబడితే అన్ని రాసుకోవడం. రెండో రోజు ఒక్కో పాదానికి సంత, తొడ మీద తాళంతో. మూడో రోజు సాహిత్యం చూసి అర్థం కట్టుకోవడం. నాలుగో రోజు రాగం తీసేసి అదే పాదాన్ని మాటలా, తొందరగా, బద్ధకంగా మింగుతూ అనడం. ఐదో రోజు అదే సంగతి మీద ఎవరైనా మామూలుగా మాట్లాడిన ముక్క ఒకటి వినడం, ఒక్కసారే. పరీక్షలో మధ్య రెండు విభాగాలూ ఒక్కసారే వినిపిస్తారు కదా.

ఈ ఐదో రోజు లేకపోతే మిగతా నాలుగూ సుప్రభాతమే. నగరి, కుప్పం వైపు మనుషులను చూసి ఇది నమ్మాను. సగం మంది ఇళయరాజా పాటలు తమిళంలోనే పాడుకుంటూ పెరిగినవాళ్లు. పాట వాళ్లకు తమిళ చెవి ఇచ్చింది, ఆ భాషలోని కష్టమైన 'ఴ' ధ్వనితో సహా. తమిళం ఇచ్చింది మాత్రం బస్టాండు, మగ్గాల షెడ్డు, సంత. పలమనేరు పశువుల సంతలో బేరం ఆడేవాడు తమిళంలో అంకె తప్పు వింటే ఆవు చెయ్యి జారుతుంది. అక్కడ ఎవరూ రెండోసారి వినిపించరు. ఒక సంతలో గురువు దగ్గర నోరు తిరిగితే, రెండో సంతలో జనం మధ్య చెవి తిరుగుతుంది. జర్మన్‌కు మన ఊళ్లో ఆ రెండో సంత లేదు. దాన్ని ఫోన్లోనే కట్టుకోవాలి: స్టేషన్ ప్రకటనలు, ఆసుపత్రి సంభాషణలు, వాతావరణం వార్తలు.

మా పక్క గదిలో నగరి అమ్మాయి ఒకతె బి1కి చదువుతోంది, నర్సు. "పాటైతే తెలిసిపోతాది సార్. మాట్లాడితేనే యాడ మొదలై యాడ అయిపోతాదో తెలీదు" అంటుంది. మొన్న సాయంత్రం మేడ మీద పాట ఆపేసి ఒక రైలు ప్రకటన పెట్టింది. ప్లాట్‌ఫాం నంబరు మాత్రం రాసుకోవాలని ఇద్దరం అనుకున్నాం. ఆమె 40 అని రాసింది, నేను 14 అని రాశాను. జర్మన్‌లో ఆ రెండు అంకెలకూ మొదలు ఒకటే, తేడా అంతా చివర్లో, ఒకటి 'ట్సేన్' అని ముగుస్తుంది, ఇంకోటి 'ట్సిష్' అని. మాట చివర మన చెవికి అలవాటు లేని చోటు. ఇంకోసారి పెట్టాం. ఈసారి ఆమె 14 అంది, నేను 40 అన్నాను. కింద వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు. అతను పోయేదాకా ఆగి మూడోసారి పెట్టింది.